పీఎండీ ఫైళ్లును కొల్లేటి వర్ణక్రమమును

ఏలూరు, తాడేపల్లిగూడెము మొదలగు పట్టణముల డీటీపీ దుకాణములలో, ఆంధ్రదేశమునఁ దక్కినచోట్లవలెనే, పెక్కేండ్లు తెలుఁగు పుస్తకములు పేజ్‌మేకరు సాఫ్టువేరునఁ గూర్పఁబడుచు వచ్చినవి. అచ్చుప్రతులు చెల్లిపోయినచోట మిగులునవి యా కూర్పుఫైళ్లే. పునర్ముద్రణకై వానిని దెఱవఁబోయిన పండితునకు మొదటి చిక్కు, ఫైలు పేరు చివరఁ జుక్క తరువాత నుండు పీఎండీ యను తోఁకచేతనే కలుగును.

ఈ తోఁకను ఎక్స్‌టెన్షనందురు. ఇది సంజ్ఞయే కాని స్వభావము కాదు. పీఎండీ యనునది 2001లో వెలువడిన పేజ్‌మేకరు 7 ఫైలునకుఁ జిహ్నము. ప్లాన్‌మేకరను లెక్కలపట్టికల సాఫ్టువేరు పూర్వరూపములకును నదియే. 2008లో జపానున వెలువడిన మికుమికుడాన్స్ సాఫ్టువేరునందు నాట్యమాడు బొమ్మలకును నదియే. వైయాకరణులకుఁ బరిచితమైన సంకటమే యిది. మాహేశ్వరసూత్రములలో ణకారము రెండుమాఱు లనుబంధముగా వచ్చుటచే, అణ్ అను ప్రత్యాహారము సందిగ్ధమైనది. అంతమాత్రమున సూత్రములను విడిచినవారు లేరు. సవర్ణగ్రహణసూత్రమునందుఁ బరణకారమును, తక్కినచోటులఁ బూర్వణకారమును గ్రాహ్యములని వ్యాఖ్యానమువలన నిర్ణయించిరి. ఇచ్చటను నంతే. ఫైలెచ్చటిది, ఏ యేఁటిది, దాని వెంట నే ఫాంటులున్నవి యని విచారింపవలయును. తోఁకను దిద్దివ్రాసినంతనే ఫైలు మాఱదు. పీడీఎఫ్ ఫైలునకుఁ బీఎండీ యని పేరు పెట్టినను, లోపల దాని మొదట శాతపుగుర్తును పీడీఎఫ్ అను నక్షరములును నిలిచియే యుండును.

పేజ్‌మేకరు ఫైలని తేలినపిదప, పాత విండోస్ ఎక్స్‌పీ యంత్ర మింకను నడచుచున్నచో దానియందే తెఱచుట మేలు. ఇన్‌డిజైను సీఎస్6 వఱకుఁ గల రూపములు పేజ్‌మేకరు 6 మొదలు 7 వఱకు నున్న ఫైళ్లను దెఱచును. తరువాతి సీసీ రూపములు తెఱవవు. 2015 నాఁటి లిబ్రెఆఫీసు 4.4 నుండి డ్రా విభాగమునఁ దెఱచుకొనును గాని కూర్పు చెదరవచ్చును.

అసలు చిక్కు తెఱచిన తరువాతిది. 'అను' (ఇది యిచ్చట ఫాంటు పేరే, క్రియారూపము కాదు) మొదలగు నాఁటి ఫాంటులయందు ఇంగ్లీషు అక్షరముల స్థానములలోఁ దెలుఁగు లిపిశకలములు నిలుపఁబడినవి. ఫాంటు లేని యంత్రమున నవి యర్థరహితమగు ఇంగ్లీషుగాఁ గానవచ్చును. యూనికోడునందో, 1991 నుండి తెలుఁగునకుఁ బ్రత్యేకస్థానము గలదు. అందలి క్రమ ముచ్చారణము ననుసరించును.

కొల్లేరను పదమునే చూడఁదగును. వ్రాయునపుడు లకారముపై నేత్వమిచ్చి, పిమ్మటఁ గ్రింద లావత్తు వ్రాయుదురు. వ్రాఁతక్రమము ననుసరించు ఫాంటులలోను నట్లే యుండును. యూనికోడున క, ఒత్వము, ల, పొల్లు, ల, ఏత్వము, ర, కొమ్ము అని యెనిమిది. ఏత్వము రెండవ లకారమును దాఁటి పోవలయును. హల్లులు ముగిసినఁగాని అచ్చు పలుకదు గదా! మార్పుసాధన మీ పని చేయనిచో, ఏత్వము మొదటి లకారమునకే యంటుకొని యొత్తు వేఱుపడును. కంటి కది కొంత వంకరగా మాత్రమే తోఁచును; కాని కొల్లేరని వెదకినవానికి గ్రంథమంతటను గొల్లేరు దొరకదు. పదసూచికయు నిఘంటువును గూర్చువారికి నంతకు మించిన నష్టము లేదు.

ఏలూరు అను పదమున సంయుక్తాక్షరము లేదు. ఎంతటి మోటుసాధనముననైన నది సుఖముగా బయటపడును. కావున నట్టి పదములను జూచి తృప్తిపడరాదు. కొల్లేరు, తాడేపల్లిగూడెము, కొల్లేటికోట పెద్దింట్లమ్మ, వీనిని ముందుగా మార్చి చూచి, అవి నిలిచిన పిమ్మటనే పుస్తకమంతయు మార్పవలయును. అను ఫాంటులలోను 6, 7 రూపములకు మార్పుపట్టికలు వేఱు. ఒకదాని పట్టిక వేఱొకదానికిఁ బనికిరాదు. మూలఫైలును, దాని ఫాంటును, పాతయంత్రమునఁ దీసిన పీడీఎఫ్ ప్రతిని నొక్కచోట నుంచి, ఆ ప్రతితోఁ బుటపుటయుఁ బోల్చి దిద్దవలయును.