పంటి పాచిలో పొత్తు

పళ్ళ మీద పట్టే పాచి తిండి మడ్డి మాత్రమే కాదు. తామే తయారు చేసుకున్న జిగురులో గుంపుగా బతికే సూక్ష్మజీవుల పొర అది. శాస్త్రజ్ఞులు దీన్ని బయోఫిల్మ్ అంటారు. 1683లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ తన పంటి పాచిని గీకి, తాను చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూశాడు. వెనిగర్‌తో పుక్కిలించినా పళ్ళను అంటుకున్న పాచిలోని జీవులు చావకపోవడం కూడా గమనించాడు. ఆ జిగురు పొర ఇచ్చే కాపుదల అలాంటిది.

పుచ్చిపళ్ళ నేరం చాలాకాలం ఒక్క బ్యాక్టీరియా మీదే పడింది. అది 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ గుర్తించిన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. అయితే పాలపళ్ళు తీవ్రంగా పుచ్చిన పిల్లల పాచిలో దానితోపాటు కాండిడా ఆల్బికన్స్ అనే శిలీంధ్రం కూడా తరచుగా కనిపిస్తుంది. ఈ రెండింటికీ వాటంతట అవి గట్టిగా అతుక్కునే గుణం లేదు. వాటిని కలిపేది పంచదార.

మ్యూటన్స్ వదిలే జీటీఎఫ్‌-బి అనే ఎంజైము కాండిడా కణం పైనున్న చక్కెర గొలుసులైన మన్నాన్‌లను గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుని ఊరుకోదు. పంచదారను విడగొట్టి, అందులోని గ్లూకోజ్‌తో గ్లూకాన్ అనే బంకను అక్కడే అల్లుతుంది. పంచదారను నేరుగా సరిగా వాడుకోలేని శిలీంధ్రానికి విడిపోయిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఆహారమవుతాయి. బ్యాక్టీరియాకు నిలబడే పందిరి దొరుకుతుంది. బంక అడుగున చేరిన ఆమ్లాన్ని లాలాజలం తేలిగ్గా కడగలేదు. ఆమ్లత పెరిగి పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. రెండు జీవులూ కలిసి సోకిన ఎలుకల్లో, ఒక్కో జీవి విడిగా సోకినప్పటికంటే పళ్ళు ఎంతో దారుణంగా పుచ్చాయని 2014లో వెలువడిన పరిశోధన చూపింది.

2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం అంతకంటే ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టింది. పళ్ళు పుచ్చిన పసిపిల్లల లాలాజలంలో ఈ రెండూ ముద్దలుగా ఉన్నాయి. విడిగా కదలలేని ఈ జీవులు, ముద్దగా చేరాక శిలీంధ్రపు పోగులు సాగుతుంటే పంటి ఉపరితలంపై పాకుతున్నాయి, గెంతుతున్నాయి కూడా. అలాంటి ముద్దలు మందులకూ ఒక పట్టాన లొంగవు. అందుకే జీవులను చంపకుండా, మన్నాన్‌లను కరిగించే ఎంజైములతో ఆ పట్టు విడిపించే ప్రయత్నం ప్రయోగశాలల్లో సాగుతోంది.

నిద్రలో లాలాజలం తగ్గుతుంది. తీపి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డ నోట్లో ఈ పొత్తుకు రాత్రంతా మేత దొరుకుతుంది. తల్లిదండ్రులు ఆ అలవాటు మాన్పించాలి, మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే తోమడం మొదలుపెట్టాలి.