చక్రముల పనిముట్ల పెట్టె: రైతు ఇంటికి తగిన సవరణలు

వరి చిరుపొట్ట దశలో నున్నపుడు మోటారు ఆగినచో ఒక్క దినము గడచుటయే ఎంత కష్టమో మన సభ్యులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ దశయందు నీరు తప్పిన చేనికి గింజ తఱుగును. అయినను అట్టి వేళ జరుగు ఆలస్యమునకు మరమ్మతు కష్టమగుట తఱచుగా కారణము కాదు. పనిముట్టు కానరాకపోవుటయే కారణము. 13 నంబరు పానా పశువుల కొట్టములో గోడసందున నుండును. పట్టుకారు పొరుగింట నుండును. సుత్తి మొన్న గుంజ కొట్టిన చోటనే పడియుండును. వీనినన్నిటిని పోగుచేసికొని బావిగట్టు చేరునప్పటికి సగము పూట గడచిపోవును.

ఈ చిక్కు తీర్చుకొనుటకై కొందఱు సభ్యులు పట్టణములనుండి చక్రములుగల రేకు పెట్టెలు కొని తెచ్చుకొనుచున్నారు. ఆలోచన మంచిదే. కాని ఆ పెట్టెలు యంత్రశాలలలో నున్నని గచ్చుపై దొర్లుటకు చేయబడినవి. మన దొడ్డివాకిళ్ళను, చేనిగట్లను ఎఱుగవు. కావున పెట్టెను ఉన్నదున్నట్లు వాడక, మన నేలకును మన పనికిని తగినట్లు సవరించుకొనవలెను. వడ్రంగియు, వెల్డింగు పనివాడును ఉన్న యూరిలో క్రొత్తగా చేయించుకొనుట అంతకంటె మేలని మా అభిప్రాయము.

మొట్టమొదట చక్రముల సంగతి. దుకాణపు పెట్టెలకు రెండంగుళముల మొదలు నాలుగంగుళముల వఱకు వ్యాసముగల చిన్న చక్రములుండును. ఒక చక్రముపై 40 కిలోల బరువు పడుచున్నదనుకొనుడు. దారిలో అర అంగుళము ఎత్తుగల రాయి అడ్డము వచ్చినదనుకొనుడు. రెండంగుళముల చక్రమును ఆ రాతిపై కెక్కించుటకు, తిన్నగా లాగునెడల, సుమారు 69 కిలోల బలము కావలెను. అనగా బరువును మించిన బలము. నాలుగంగుళముల చక్రమునకు 35 కిలోలు చాలును. పదునేడంగుళముల చక్రమైనచో 14 కిలోలే. మన పెద్దలు ఎడ్లబండికి నిలువెత్తు చక్రములు పెట్టుటలోని మర్మ మిదియే. చిన్న చక్రము ఇసుకలో దిగబడును, బురదలో నిలిచిపోవును, దాని ఇరుసులో గడ్డిపోచ చుట్టుకొని బిగియును. కావున చిన్న చక్రముల పెట్టెను కొనినవారు దానిని గచ్చు చావడిలోనే యుంచుకొనవలెను. చేనికి కొనిపోవు తలంపున్నచో వానిని తీసివేయవలెను.

పదునేడంగుళముల లెక్క ఎక్కడిదందురా? పాత చేతక్ స్కూటరు టైరు 3.50-10 కొలతది. పది యంగుళముల రిమ్మునకు ఇరుప్రక్కల మూడున్నర చొప్పున కలిపిన పదునేడగును. పాత ఇనుము కొట్లలో నిట్టి చక్రములు దొరకును. సైకిలు చక్రములు ఇంకను పెద్దవే గాని, ప్రక్కబరువునకు వాని పుల్లలు వంగును. మేము వానిని మెచ్చము. స్కూటరు చక్రములకు ఇరుసును, దానికి సరిపోవు బేరింగులను మెకానిక్కుచే వేయించుకొనవలెను. ఎడ్లబండి ఇరుసునకు ఆముదములో గడ్డిమసి కలిపి కందెన పెట్టుట మనకు తెలిసినదే. బేరింగులకది పనికిరాదు, గ్రీజే పెట్టవలెను.

చక్రములు నాలుగు వలదు, రెండే చాలును. గతుకు నేలపై నాలుగు చక్రముల పెట్టెకు ఎప్పుడును ఒక చక్రము గాలిలో నుండును. ఒక కొనకు రెండు చక్రములు, రెండవ కొనకు రెండు కాళ్ళు, ఆ కొననే రెండు పిడులు నుండవలెను. కాళ్ళకొనను కొంచెము లేపి త్రోసినచో బండి కదలును. దింపినచో కదలక నిలుచును. పెట్టె పొడవు 36, లోతు 18, ఎత్తు 18 అంగుళములని పెట్టుకొనుడు. ఇరుసు ఒక కొననుండి ఆఱంగుళములు లోపలికుండవలెను. పిడులు రెండవ కొనకు అవతల 18 అంగుళములు సాగవలెను. అపుడు పెట్టె నడుమ నుండి ఇరుసునకు 12 అంగుళములు, పిడినుండి ఇరుసునకు 48 అంగుళములు నగును. మొత్తము బరువు 80 కిలోలైనను చేతికి వచ్చునది 20 కిలోలే. బరువైన పనిముట్లను చక్రముల వైపు సర్దినచో అదియు తగ్గును.

పెట్టె చక్రములకు పైన కూర్చుండవలెను. ఇనుప యాంగిలుతో చట్రము కట్టించి, నేలనుండి 18 అంగుళముల యెత్తున పెట్టెను బిగించినచో సొరుగులు చక్రములకు తగులవు. పెట్టె పైపలక 36 అంగుళముల యెత్తునకు వచ్చును. అది నిలుచుండి పని చేసికొనుటకు తగిన బల్లయగును. కాళ్ళ క్రింద నాలుగేసి యంగుళముల చదరపు ఇనుప పలకలు అతికింపవలెను. లేనియెడల తడినేలలో కాళ్ళు దిగబడి పెట్టె ఒరుగును.

ఒరుగుట యన్నంతనే మేము ముఖ్యముగా హెచ్చరింపవలసిన విషయము జ్ఞప్తికి వచ్చుచున్నది. సొరుగుల పెట్టె ముందుకు పడుట కద్దు. ఎట్లనగా, దుకాణపు పెట్టె యొకటి 18 అంగుళముల లోతున, 30 కిలోల బరువున నున్నదనుకొనుడు. దాని ముందు చక్రములు ముఖమునకు ఒకటిన్నర అంగుళము లోపలనున్నవి. పెట్టె బరువు నడుమ నిలిచినచో ఆ చక్రములకు వెనుక ఏడున్నర అంగుళముల దూరమున పనిచేయును. రెంటిని గుణించిన 225. ఇక 12 కిలోల పనిముట్లున్న 16 అంగుళముల సొరుగును పూర్తిగా లాగినచో దాని బరువు చక్రములకు ముందు తొమ్మిదిన్నర అంగుళముల దూరమున పడును, గుణించిన 114. ఒక సొరుగు లాగినపుడు భయము లేదు. తక్కిన సొరుగులు ఖాళీగా నుండి అట్టివి రెండు ఒక్కసారి లాగినచో 228 అగును. 225 ఓడిపోయి పెట్టె ముందుకు వ్రాలును. సొరుగు లాగి ఆడుకొను పసివాడు ఎదుట నుండునని తలచి చూడుడు.

దీనికి మందు కష్టమైనది కాదు. చక్రములును కాళ్ళును పెట్టె ముఖముకంటె రెండంగుళములు ముందుకు వచ్చునట్లు చట్రమును వెడల్పు చేయించవలెను; వెనుక వైపునను అట్లే. అపుడు అదే బరువునకు నిలుపు బలము 330 అగును; రెండు సొరుగులును కలిసి లాగు బలము 144 మాత్రమే. అంతేగాక సొరుగులన్నిటికి అడ్డముగా నిలువున ఒక ఇనుప పట్టీ పెట్టించి, క్రింద మడతబందు, పైన తాళము ఏర్పఱుపవలెను. ఆ పట్టీ దొంగకును పిల్లలకును అడ్డము. బండి త్రోయునపుడు సొరుగులు జాఱకుండ ఆపునదియు నదే. ఏటవాలు గట్టుపై అడ్డముగా బండిని నడుపరాదు. ఏటవాలుననే ఎక్కింపవలెను, దింపవలెను.

పెట్టెకు కొయ్య ఏది? టేకు దొరకినచో అంతకంటె మేలైనది లేదు. తుమ్మ గట్టిదే గాని బరువు. ప్లైవుడ్డు వాడువారు ఐ.ఎస్. 710 గుర్తుగల నీటికి తాళు రకమునే తీసికొనవలెను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 19 మిల్లీమీటర్ల మందముగల పలక బరువు సుమారు 35 కిలోలుండును. మన పెట్టె గోడలకు దానిలో సగమునకు కొంచెము మించి పట్టును. మిగిలినది సొరుగుల ముఖములకు సరిపోవును. ప్లైవుడ్డునకు నీరు ముఖమునుండి గాక కోసిన అంచులనుండి ఎక్కువగా నెక్కును. రంగు వేయునపుడు అంచులకు రెండు మూడు పూతలు ఎక్కువ వేయించుడు.

సొరుగులకు దుకాణములలో గుండ్లబేరింగుల పట్టాలు అమ్ముచున్నారు. అవి నున్నగా జాఱును, నిజమే. కాని కళ్ళపు దుమ్ము, ఊక చేరినచో పట్టుకొని కదలవు. కొయ్య పట్టెలపై సొరుగు నడిపించి, ఆ పట్టెలకు కొవ్వొత్తి మైనము రుద్దుట మన పల్లెకు చాలును. పై సొరుగు రెండంగుళముల లోతు, క్రిందికి పోవుకొలది లోతు హెచ్చుగ నుండవలెను. తేలికవి పైన, సుత్తి, గొలుసు, పైపు పానా మొదలగు బరువైనవి క్రింద. ఒకే సొరుగు 36 అంగుళముల వెడల్పున చేయించినచో సర్దిన బరువునకు అడుగు వంగును. నడుమ నిలువు పలక వేయించి రెండు వరుసలు చేయుట మంచిది.

ఇక సొరుగు లోపలి యేర్పాటు. అసలు లాభము ఇచ్చటనే యున్నది. చెప్పులు కుట్టువారు వాడు మెత్తని షీటును సొరుగు అడుగునకు సరిగ కోసి, దానిపై పనిముట్లను పఱచి, ఒక్కొక్కదాని చుట్టును పెన్సిలుతో గీచి, ఆ ఆకారమును కోసివేయవలెను. ప్రతి పనిముట్టునకు దాని గూడు ఏర్పడును. సాయంత్రము సొరుగు మూయునపుడు ఖాళీ గూడు కంటికి కొట్టినట్లు కనబడును. పానా బావిగట్టున మఱచినది అప్పుడే తెలియును, పదిదినముల పిదప కాదు. ఎరువుల సంచులను కోసి సొరుగులలో పఱచుట కొన్ని యిండ్లలో చూచితిమి. అది చాల హాని. సంచికి అంటిన ఎరువు గాలిలోని తేమను పీల్చి, దానిపై నుంచిన ఇనుమును తినివేయును. పొటాషు ఎరువునందు క్లోరైడు గలదు. అది ఉప్పువలెనే తుప్పును త్వరపెట్టును. పెట్టెను ఎరువుల గదిలో నుంచనే కూడదు.

పానాల కొలతలలో ఒక మెలకువ గలదు. ఆఱు మిల్లీమీటర్ల బోల్టునకు 10, ఎనిమిదింటికి 13 నంబరు పానాలు ఎల్లప్పుడు సరిపోవును. పది, పండ్రెండు మిల్లీమీటర్ల బోల్టులకు పాత పద్ధతిని 17, 19 నంబరులు. క్రొత్త అంతర్జాతీయ కొలతను 16, 18 నంబరులు. రెండు విధములును నేడు మన యంత్రములలో కలిసియున్నవి. 16 తలకు 17 పానా వేసి బలముగా త్రిప్పినచో మూలలు అఱిగి, ఆ బోల్టు ఉలితో కొట్టిననేగాని రాదు. కావున గూళ్ళు కోయునపుడే నాలుగింటికిని చోటుంచవలెను.

బరువు తగ్గించుటకు సాకెట్ల సెట్టు మంచి సాధనము. 1920లో అమెరికాలో జోసెఫ్ జాన్సన్ అను నాతడు స్నాప్-ఆన్ సంస్థను స్థాపించి, ఒకే పిడికి వేర్వేఱు సాకెట్లు మార్చి తగిలించు పద్ధతిని వ్యాపింపజేసెను. అయిదు పిడులు, పది సాకెట్లు కలిసి ఏబది పానాల పని చేయుననుట వారి లెక్క. పొడవైన బోల్టు నట్టునకు బయటికి చాచుకొనియున్న చోట మాత్రము మామూలు పానాయే కావలెను.

పెట్టెలో ఒక చిన్న తాళమును ప్రత్యేకముగ నుంచుడు. అది పెట్టెకు కాదు, మోటారు స్టార్టరు పెట్టెకు. మూడు ఫేజుల మోటారునకు 415 వోల్టులు వచ్చును. మీరు బావిలో నుండగా ఇంటివారెవరైన స్విచ్చి వేయకుండ, ముందు సరఫరా ఆపి, స్టార్టరునకు తాళమువేసి, తాళపుచెవి మొలకు కట్టుకొని పనిలో దిగవలెను.

ఎరువు మాట నిది వఱకే చెప్పితిమి. తుప్పునకు తక్కిన కారణము తడిచేయి. పని ముగియగనే పొడిగుడ్డతో తుడిచి, మిషను నూనె చుక్క రాయవలెను. వంటనూనె రాయరాదు, కొన్నాళ్ళకది బంకగా మాఱును. పెట్టెను గోడకానించి యుంచక, జానెడు ఎడముగా నుంచినచో చెదలు కట్టు మట్టి గొట్టములు కాళ్ళపై కనబడును, వెంటనే రాల్చివేయవచ్చును.

ఎరవు సంగతి కూడ చెప్పవలసియున్నది. పల్లెలో పనిముట్టు అడిగినవానికి లేదనుట మర్యాద కాదు. ఇచ్చినది తిరిగి రాకపోవుటయు అనుభవమే. ఇచ్చునపుడు తీసికొన్నవాని పేరు, తేది వ్రాసిన అట్టముక్కను ఆ ఖాళీ గూటిలోనే పెట్టుడు. అడుగుటకు మొగమాట మక్కఱలేదు, మఱచుటకు వీలులేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లే పనిబడు బేరింగు పుల్లరు, చెయిను కప్పీ వంటి బరువైన వానిని ప్రతి యింట కొనుట వ్యర్థము. పదిమంది సభ్యులు కలిసి సంఘము పేర కొని, గిడ్డంగిలో ఒక పుస్తకముంచి వాడుకొనుట న్యాయము.

చట్రము, పెట్టె సిద్ధమైన పిదప వెంటనే రంగు వేయింపకుడు. సొరుగులలో ఇసుక మూటలు సర్ది, పనిముట్లకు ఎంత బరువు అనుకొన్నారో అంతయు నింపి, వాకిటినుండి బావివఱకు ఒకసారి త్రోసికొనిపోయి రండు. దారిలో చట్రమెక్కడ వంగినదో, ఏ అతుకు పగిలినదో, పిడి చేతికి ఎత్తో తగ్గో తెలియును. వెల్డింగు సవరించిన తరువాత ఇనుమునకు ఎఱ్ఱ ఆక్సైడు పూతయు, ఆ పైన రంగును వేయించునది.