ఆఖరి రౌండులో సమన్యాయం ఏదీ? సముద్రం దాటివచ్చే జట్లకు కార్యక్రమ పట్టికే తొలి ప్రత్యర్థి

శ్రీవిజయపురం: ఫుట్‌బాల్ ఆట తొంభై నిమిషాలలో ముగుస్తుంది. కానీ కొన్ని పోటీలలో జట్ల భవితవ్యం ఆట ప్రారంభానికి ఎంతో ముందే, కార్యక్రమ పట్టికను తయారుచేసే బల్లపైనే సగం నిర్ణయమైపోతున్నది. ఏ జట్టు ఏ రోజున, ఏ వేళకు, ఎన్ని రోజుల విశ్రాంతి తరువాత ఆడాలన్నది ఆ బల్లపైనే తేలుతుంది. లీగ్ దశ చివరి రౌండుకు వచ్చేసరికి ఈ నిర్ణయాల ప్రభావం మరింత పెరుగుతుంది. పక్క మ్యాచ్ ఫలితం తెలుసుకుని మైదానంలోకి దిగే జట్టుకు, తెలియక ఆడే జట్టుకు నడుమ సమానత్వం ఉండదు. ప్రపంచ కప్ స్థాయిలో ఈ విషయమై దశాబ్దాలుగా చర్చ జరిగింది, నిబంధనలు మారాయి. బంగాళాఖాతం నడుమనున్న అండమాన్ నికోబార్ దీవుల వంటి చిన్న జట్ల విషయంలో మాత్రం ఈ చర్చ ఇంకా ఆరంభ దశ దాటలేదు.

పోర్ట్ బ్లెయిర్ పేరును కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చిన సంగతి విదితమే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంత జనాభా సుమారు 3.8 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరతరాలుగా వలసవెళ్లిన కుటుంబాలు అక్కడ స్థిరపడినందున, ఈ దీవుల క్రీడాకారుల కష్టసుఖాలు తెలుగువారికి పరాయివి కావు.

ఓడ వేళలు, మ్యాచ్ వేళలు

చెన్నై, కోల్‌కతా నగరాలు శ్రీవిజయపురానికి ఇంచుమించు 1200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. విమానంలో రెండు గంటలకు అటూ ఇటూ పట్టే ఈ దూరానికి ఓడలో సుమారు మూడు రోజులు పడుతుంది. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ప్రయాణికుల ఓడలు నడుస్తున్నప్పటికీ అవి రైళ్లవలె ప్రతిదినం లభించవు. ఒక ఓడ తప్పిపోతే తదుపరి ఓడ కోసం రోజుల తరబడి నిరీక్షించవలసిందే. విమాన మార్గం ఉన్నా, పాతికమంది బృందానికి చివరి క్షణంలో టిక్కెట్లు కొనడం చిన్న సంఘానికి తలకు మించిన భారమే.

దీవుల లోపలి దూరాలు సైతం తక్కువేమీ కావు. ఫుట్‌బాల్‌పై మక్కువ ఎక్కువగా గల కార్ నికోబార్ రాజధానికి సుమారు 270 కిలోమీటర్ల దక్షిణాన ఉన్నది. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే 500 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి ఆటగాడు ప్రధాన భూభాగంలో ఒక మ్యాచ్ ఆడాలంటే ముందుగా ఒక సముద్ర ప్రయాణం చేసి రాజధాని చేరుకుని, అక్కడినుంచి మరొక ప్రయాణానికి సిద్ధపడాలి.

దీనికి తోడు ప్రకృతి విధించే పరిమితులు ఉన్నాయి. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఈ దీవులను తడుపుతాయి. వర్షాల వల్ల వాయిదాపడిన మ్యాచ్‌లు సీజను చివర గుట్టగా పేరుకుంటాయి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశానికి ఈ దీవులు పదిడిగ్రీలు తూర్పున ఉన్నందున, సూర్యుడు అక్కడ గడియారం లెక్కకన్నా సుమారు 40 నిమిషాలు ముందుగా అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతానికే వెలుగు తగ్గిపోతుంది. విద్యుద్దీపాలు లేని మైదానంలో ఒకే రోజున రెండు మ్యాచ్‌లు జరపాలంటే మొదటిది మండుటెండలో, ఒంటిగంటకే ప్రారంభించాలి. ఈ పరిస్థితిలో చివరి రౌండు మ్యాచ్‌లను ఏకకాలంలో నిర్వహించాలన్న నిబంధనను కాగితంపై వ్రాయడం తేలికే. అమలుకు రెండవ మైదానం, రెండవ రిఫరీల బృందం కావాలి.

తొమ్మిది గోల్స్ చెప్పే పాఠం

1941లో ప్రారంభమైన సంతోష్ ట్రోఫీ జాతీయ ఫుట్‌బాల్ పోటీలలో అండమాన్ నికోబార్ జట్టు పాల్గొంటున్నది. 2021 డిసెంబరులో కొచ్చిలో జరిగిన దక్షిణ మండల పోటీలలో కేరళ, పుదుచ్చేరి, లక్షద్వీప్, అండమాన్ జట్లు ఒకే గ్రూపులో ఉన్నాయి. అగ్రస్థానం పొందిన జట్టుకు మాత్రమే తుది దశకు అర్హత. డిసెంబరు 1న లక్షద్వీప్‌పై 5-0, 3న అండమాన్‌పై 9-0, 5న పుదుచ్చేరిపై 4-1 ఫలితాలతో కేరళ ముందుకు సాగి, తరువాత 2022 మే నెలలో ట్రోఫీని సైతం గెలుచుకున్నది.

మూడు మ్యాచ్‌లూ గెలిచిన కేరళ అర్హతను శంకించవలసిన పనిలేదు. అయితే ఈ అంకెలలో ఒక పాఠం దాగి ఉన్నది. కేరళ ఆ గ్రూపులో చేసిన 18 గోల్స్‌లో సరిగ్గా సగం అండమాన్‌పై చేసినవే. రెండు బలమైన జట్లు పాయింట్లలో సమంగా నిలిచిన గ్రూపును ఊహించి చూద్దాం. గోల్స్ తేడాయే విజేతను నిర్ణయించవలసి వస్తే, బలహీనమైన జట్టుతో ఎవరు ఎప్పుడు ఆడారన్నది కీలకమవుతుంది. మొదటిరోజున ఆడిన జట్టు మూడు గోల్స్‌తో తృప్తిపడి ఆటగాళ్లకు విశ్రాంతినివ్వవచ్చు. చివరిరోజున, అదీ పోటీదారు ఫలితం వెలువడిన తరువాత ఆడే జట్టుకు తనకు ఎన్ని గోల్స్ అవసరమో ఖచ్చితంగా తెలుసు. పైగా అప్పటికి బలహీనమైన జట్టు అయిదు రోజులలో మూడవ మ్యాచ్ ఆడుతూ అలసిపోయి ఉంటుంది. ఆ విధంగా దూరం నుంచి వచ్చిన చిన్న జట్టు, తన ప్రమేయం లేకుండానే, ఇతరుల తగవులో తూకపు రాయిగా మారిపోతున్నది.

ప్రపంచ కప్ నేర్పిన గుణపాఠాలు

ఇటువంటి లెక్కలకు ప్రపంచ కప్ చరిత్రలోనే ఉదాహరణలు కలవు. 1978లో అర్జెంటీనాలో జరిగిన పోటీల రెండవ దశలో, జూన్ 21న బ్రెజిల్ జట్టు పోలండ్‌ను 3-1తో ఓడించింది. అదే రోజున ఆలస్యంగా పెరూతో మ్యాచ్ ఆడిన ఆతిథ్య జట్టుకు ఫైనల్ చేరాలంటే కనీసం నాలుగు గోల్స్ తేడాతో గెలవాలని ముందే తెలుసు. అర్జెంటీనా 6-0తో గెలిచింది. ఆ మ్యాచ్‌పై అనుమానాలు నేటికీ సమసిపోలేదు. అనుమానాల మాట ఎలా ఉన్నా, బ్రెజిల్‌కు లేని సమాచారం అర్జెంటీనాకు లభించిందన్నది నిర్వివాదాంశం.

నాలుగేళ్ల తరువాత స్పెయిన్‌లో పరిస్థితి మరింత దిగజారింది. పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించి సంచలనం సృష్టించిన అల్జీరియా తన చివరి మ్యాచ్‌లో 1982 జూన్ 24న చిలీపై 3-2తో గెలిచింది. మర్నాడు హిహోన్ నగరంలో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తలపడ్డాయి. జర్మనీ ఒకటి లేదా రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఆ రెండు జట్లూ ముందుకు పోతాయి, అల్జీరియా నిష్క్రమిస్తుంది. ఆట మొదటి పది నిమిషాలలోనే జర్మనీ గోల్ చేసింది. ఆపైన ఉభయ జట్లూ బంతిని అటూ ఇటూ నెట్టుకుంటూ కాలం గడిపాయి. ప్రేక్షకులు ఈసడించుకున్నారు. అల్జీరియా ఫిర్యాదు చేసినప్పటికీ నిబంధనల ఉల్లంఘన జరగలేదని ఫిఫా తేల్చింది. నిబంధనలోనే లోపమున్నదని గ్రహించి, 1986 ప్రపంచ కప్ నుంచి ప్రతి గ్రూపులోని చివరి రెండు మ్యాచ్‌లను ఏకకాలంలో నిర్వహించసాగింది.

ఈ జాగ్రత్త నేటికీ అవసరమవుతున్నది. 2026 ప్రపంచ కప్‌ను 48 జట్లకు విస్తరించినప్పుడు, మూడేసి జట్ల 16 గ్రూపులు ఉండాలని ఫిఫా 2017లో నిర్ణయించింది. మూడు జట్ల గ్రూపులో చివరి మ్యాచ్ వేళకు ఒక జట్టు తప్పనిసరిగా ఖాళీగా కూర్చోవాలి. అంటే హిహోన్ ఉదంతానికి మళ్లీ తలుపు తెరచినట్లే. తుదకు 2023 మార్చిలో ఆ నిర్ణయాన్ని సవరించి నాలుగేసి జట్ల 12 గ్రూపుల పద్ధతిని ఆమోదించారు. కుమ్మక్కు ప్రమాదం తగ్గడం, జట్లకు సమతూకమైన విశ్రాంతి లభించడం ఇందుకు కారణాలుగా ఫిఫా పేర్కొనడం గమనార్హం.

మన లీగులలో

మన దేశంలో ఈ సూత్రాన్ని పాటించినప్పుడు ఆట ఎంత రక్తికట్టిందో ఐ-లీగ్ చరిత్ర చెబుతున్నది. 2018 మార్చి 8న, సీజను చివరిరోజున, మినర్వా పంజాబ్, నెరోకా, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు నాలుగూ టైటిల్ రేసులో ఉన్నాయి. వాటి మ్యాచ్‌లు మూడు నగరాలలో ఒకే వేళకు ప్రారంభమైనాయి. కోల్‌కతా, కోజికోడ్ మ్యాచ్‌లు 1-1తో సమంగా ముగియగా, చర్చిల్ బ్రదర్స్‌పై 1-0తో గెలిచిన మినర్వా విజేతగా నిలిచింది.

2021 మార్చి 27న గోకులం కేరళ, ట్రావు, చర్చిల్ బ్రదర్స్ జట్లు తలా 26 పాయింట్లతో చివరి రౌండులో అడుగుపెట్టాయి. ట్రావుపై తొలుత వెనుకబడిన గోకులం చివరి ఇరవై నిమిషాలలో పుంజుకొని 4-1తో నెగ్గింది. మరో మైదానంలో చర్చిల్ కూడా 3-2తో గెలిచి 29 పాయింట్లతో సమంగా నిలిచినప్పటికీ, ముఖాముఖి ఫలితం ఆధారంగా టైటిల్ గోకులంకు దక్కింది. ఎవరూ ఎవరి ఫలితం కోసమూ వేచి ఉండే అవకాశం లేకపోవడం వల్లనే ఆ ముగింపులు వివాదరహితమైనాయి.

ఇందుకు భిన్నమైన అనుభవం 2025లో ఎదురైంది. ఏప్రిల్ 6న లీగ్ మ్యాచ్‌లు ముగిసినా విజేత ఎవరో తేలలేదు. అనర్హుడైన ఆటగాడిని ప్రత్యర్థి జట్టు దింపిందన్న ఫిర్యాదుపై అప్పీళ్లు సాగి, జూలై 18న అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఇంటర్ కాశీని విజేతగా ప్రకటించేవరకు మూడు నెలలకు పైగా అనిశ్చితి కొనసాగింది. వివాదం కార్యక్రమ పట్టికకు సంబంధించినది కాకపోయినా, ఆఖరి రౌండుకు ముందే తేల్చవలసిన వాటిని తేల్చకపోతే ఆటగాళ్ల కాంట్రాక్టులు, క్లబ్బుల బడ్జెట్లు ఏ విధంగా వ్రేలాడతాయో అది చాటిచెప్పింది.

ఖర్చు ఎవరు భరించాలి?

ఏకకాల నిర్వహణపై నిర్వాహకులకు కొన్ని అభ్యంతరాలు లేకపోలేదు. రెండు మ్యాచ్‌లు ఒకే వేళకు జరిగితే టెలివిజన్ ప్రేక్షకులు చీలిపోతారు. రెండవ మైదానానికి అద్దె, భద్రతా సిబ్బంది, వైద్యులు, రిఫరీలు కావాలి. ఈ వాదనను పూర్తిగా త్రోసిపుచ్చలేము. అయితే లెక్కకు రెండవ వైపు కూడా ఉన్నది.

మ్యాచ్‌ను ఒకరోజు వాయిదా వేస్తే పొరుగు రాష్ట్రపు జట్టుకు ఒకరోజు బస, భోజనం ఖర్చు పెరుగుతుంది. అదే ఒకరోజు వాయిదా వల్ల దీవుల జట్టుకు ఓడ తప్పిపోయి ఐదురోజులు ఆగవలసి వస్తే, 25 మందికి 125 రోజుల బస, భోజనం సమకూర్చాలి. ఉద్యోగస్థులకు సెలవు, కూలివారికి వేతనం, విద్యార్థులకు తరగతులు అంతమేర నష్టం. ఒకే నిర్ణయం ఒకరికి అసౌకర్యంగాను, మరొకరికి నష్టంగాను పరిణమిస్తున్నది. నిర్వాహకులు ఆదా చేసే మొత్తం వాస్తవానికి ఆదా కావడం లేదు. అది అతిచిన్న సంఘం ఖాతాకు బదిలీ అవుతున్నది.

చేయదగిన పనులు

పరిష్కారాలు అసాధ్యమైనవి కావు. గ్రూపు చివరి రౌండుకైనా రెండు మైదానాలను సమకూర్చగల నగరాలకే ఆతిథ్యం అప్పగించవచ్చు. ఒకే మైదానం ఉన్నచోట, పాయింట్లు సమమైనప్పుడు గోల్స్ తేడాకన్నా ముందు ముఖాముఖి ఫలితాన్ని పరిగణిస్తే బలహీనమైన జట్టుపై గోల్స్ వర్షం కురిపించే ఆశ తగ్గుతుంది. ఏ మ్యాచ్ ముందు, ఏది తరువాత అన్నది జట్లు బయలుదేరకముందే చీట్లు తీసి ప్రకటించవచ్చు. సముద్రం దాటివచ్చే జట్టుకు తొలి మ్యాచ్‌కు ముందు నిర్ణీత విశ్రాంతిని కల్పించవచ్చు. ప్రకటించిన తేదీలను ప్రకృతి వైపరీత్యం, భద్రత వంటి కారణాలకు మినహా మార్చరాదని, మార్చితే అదనపు వ్యయం నిర్వాహకులే భరించాలని నిబంధన చేర్చితే తేదీలు వాటంతటవే స్థిరపడతాయి.

1956-57, 1957-58 సీజన్లలో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచాయి. 2024 డిసెంబరు 31న ఆ పోటీల ఫైనల్‌కు హైదరాబాద్ గచ్చిబౌలి మైదానం ఆతిథ్యమిచ్చింది. కేరళపై పశ్చిమ బెంగాల్ 1-0తో గెలిచిన ఆ సాయంత్రం దేశం దృష్టి విజేతపైనే నిలిచింది. అర్హత దశలోనే ఇంటిదారి పట్టిన జట్లను తలచుకున్నవారు బహుశా తక్కువ. ఓడిపోవడం వారికి కొత్త కాదు, అవమానమూ కాదు. తమతో సమాన షరతులపై ఆడి గెలిచారన్న నమ్మకంతో తిరుగు ఓడ ఎక్కాలన్నదే వారు కోరదగిన కనీసపు హక్కు. దానిని సమకూర్చే బాధ్యత పట్టిక వ్రాసేవారిదే.