సర్వరులో పొరుగువాని పని

ఒకే సర్వరును పలువురు పంచుకొనునప్పుడు, ఒకరి దస్త్రమును మఱియొకరు తెఱవకుండ ననుమతుల కట్టుబాటు గలదు. నడచుచున్న పనుల విషయమున మాత్రము యూనిక్సు జాతి యంత్రములలో నా కట్టుబాటు మొదటినుండియు సడలియే యున్నది. 'పీఎస్' అను ఆజ్ఞ నిచ్చిన చాలును. ఎవరెవరు ఏయే ప్రోసెసులు నడపుచున్నారో పట్టిక వచ్చును.

లినక్సులో నీ పట్టికకు మూలము 'ప్రాక్' అను డైరెక్టరీ. అది డిస్కుమీద నుండదు. అడిగినప్పుడెల్ల కెర్నెలు కల్పించి చూపును. అందు ప్రతి ప్రోసెసునకును దాని సంఖ్య పేరిట నొక డైరెక్టరీయు, దానిలో నా ప్రోసెసును పుట్టించిన ఆజ్ఞయు నుండును. ఈ ఆజ్ఞను ఎల్లరును చదువవచ్చును. చిక్కిచ్చటనే. డేటాబేసు పాస్‌వర్డును ఆజ్ఞలోనే వ్రాసినవాడు దానిని వీధియరుగుమీద గూర్చుండి బిగ్గరగా జదివినట్లే.

నే నెఱిగిన యొక సర్వరులో, నకళ్లు తీయు పని ప్రతి రాత్రియు గంటసేపు నడచెడిది. ఆ గంటసేపును దాని పాస్‌వర్డు వాడుకరులందఱకు గనబడుచుండెడిది. ఎవరు చూచిరో చెప్పుట కష్టము. చదివినందుకు సాధారణముగా గుర్తు మిగులదు. మై ఎస్‌క్యూఎల్ క్లయింటు తన పాస్‌వర్డును చెఱిపివేయును గాని, చెఱుపులోపల క్షణకాలము కనబడనే కనబడును. ఆజ్ఞలో వ్రాయకుండుటయే మేలు. అయినను వాడుకరులందఱును జాగ్రత్తపడుదురని నమ్మి సర్వరు నడపుట వివేకము కాదని నా యభిప్రాయము.

2012లో వెలువడిన లినక్సు 3.3లో నిందులకై 'హైడ్‌పిడ్' అను సౌకర్యమును జేర్చిరి. ప్రాక్‌ను మౌంటు చేయునప్పుడు దీని విలువ 0 అయినచో బాతపద్ధతియే. 1 అయినచో బరుల ప్రోసెసుల సంఖ్యలు కనబడును గాని, లోపలి దస్త్రములు చదువరావు. 2 అయినచో సంఖ్యలును మాయమగును. రూటున కడ్డులేదు. పర్యవేక్షకులకై 'జీఐడీ' అను మాటతో నొక గుంపును మినహాయింపవచ్చును. మినహాయింపు మఱచినచో సిస్టమ్‌డీ లాగిన్ సేవ వంటివి తడబడుట కలదు. అమర్చువారిని విసిగించు భాగ మిదియే. ఫ్రీబీఎస్‌డీలో 'సీ అదర్ యూఐడీస్' అను అమరికను 0 చేసిన నిట్టి ఫలమే కలుగును.

లినక్సులో విలువ 2 పెట్టినను ఒక సందు మిగులును. 'కిల్' ఆజ్ఞతో నేదేని సంఖ్యకు 0 సంకేతము పంపినచో, "అనుమతి లేదు" అనియో, "అట్టి ప్రోసెసు లేదు" అనియో బదులు వచ్చును. మొదటి బదులు వచ్చినచో నా సంఖ్యగల ప్రోసెసు ఉన్నట్లే. అది యెవరిదో, యే యాజ్ఞతో బుట్టినదో మాత్రము దానివలన దెలియదు.