పళ్ళకు పింగాణి క్లిప్పులా?

ఎత్తుపళ్ళ అమ్మాయికి క్లిప్పులు వేయించాలనుకుంటారు. లోహపు బిళ్ళలు కనబడితే కాలేజీలో నవ్వుతారని అమ్మాయి గొడవ. "పంటి రంగులోనే సిరామిక్‌వి ఉన్నాయి, ఖర్చు కాస్త ఎక్కువ" అంటారు డాక్టరుగారు. అమ్మాయి ముఖం వికసిస్తుంది. మీరు సరేననే ముందు ఆ చిన్న బిళ్ళ ఎలా తయారవుతుందో తెలుసుకోండి. దాని మంచీ చెడూ చాలావరకు అక్కడే ఉన్నాయి.

పింగాణి అంటున్నాం గాని, ఇది కాఫీ కప్పుల పింగాణి కాదు. అల్యూమినా అనే పదార్థం. కెంపు, నీలం రాళ్ళు కూడా ముఖ్యంగా ఇదే. కొన్ని రకాల బిళ్ళలను ఒకే స్ఫటికం నుండి కోసి చేస్తారు. చాలా రకాలను మాత్రం అచ్చు పోస్తారు. అల్యూమినాను మెత్తని పొడి చేసి, మైనం, ప్లాస్టిక్ వంటివి కలిపి, వేడిచేసి ముద్ద చేస్తారు. జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టు ఆ ముద్దను గట్టిగా నొక్కి ఉక్కు అచ్చులోకి ఎక్కిస్తారు. తీగ కూర్చునే గాడి, రబ్బరు తగిలించే రెక్కలు అన్నీ ఒక్కసారే వచ్చేస్తాయి.

అసలు పని ఆ తరువాతే. కలిపిన మైనాన్ని నెమ్మదిగా తొలగించాలి. తొందరపడితే లోపల ఆవిరి పుట్టి బిళ్ళ ఉబ్బుతుంది, పగులుతుంది. ఆపైన దాదాపు 1600 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలుస్తారు. బంగారం 1064 డిగ్రీలకే కరిగిపోతుందని గుర్తుంచుకోండి! ఆ వేడికి పొడి రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కుని, బిళ్ళ ప్రతి వైపునా 15 నుండి 20 శాతం కుదించుకుపోతుంది. కుమ్మరి ఆవంలో కుండ కుదించుకున్నట్టే. అందుకని అచ్చును ముందే అంత పెద్దదిగా చేసుకుంటారు.

ఇలా తయారైన బిళ్ళకు మరక అంటదు, తుప్పు పట్టదు. కాని ఉక్కులా వంగదు, విరుగుతుంది. చెరుకు కొరకడం, వక్కలు నమలడం, వేరుశనగ చిక్కీ, గట్టి చేగోడీలు మానాలి. జామకాయ తినాలనిపిస్తే ముక్కలు కోసుకు తినవచ్చు. పచ్చబడేది బిళ్ళ కాదు, దానికి తగిలించిన రబ్బరు. మన పసుపు, సాంబారు దాన్ని వదలవు. రబ్బరు మారిస్తే సరిపోతుంది.

రెండో సంగతి గట్టిదనం. రాళ్ళ గట్టిదనం కొలిచే మో కొలమానంలో వజ్రం 10, అల్యూమినా 9. మన పంటిపైని ఎనామిల్ కేవలం 5. కింది పళ్ళకు ఈ బిళ్ళలు వేసి, పైపళ్ళు వాటికి తగులుతూ ఉంటే అరిగేది పన్నే. అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. అందుకనే చాలామంది డాక్టర్లు పైవరసకు సిరామిక్, కిందివరసకు లోహం వేస్తారు. "రెండు వరసలకూ తెల్లవే కావాలి" అని మీరు పట్టుబట్టకండి.

ఇక తీయడం. పెళ్ళిచూపులు దగ్గర పడ్డాయని ఇంట్లో పటకారుతో లాగే సాహసం ఎవ్వరూ చేయవద్దు. 1980ల చివర్లో, ఈ బిళ్ళలు కొత్తగా వచ్చినప్పుడు, రసాయనంతో మరీ గట్టిగా అంటించేవారు; ఊడదీసేటప్పుడు ఎనామిల్ పెచ్చు కూడా లేచి వచ్చిన సందర్భాలున్నాయి. తరువాత బిళ్ళ వెనుక భాగాన్ని మార్చి ఆ ప్రమాదాన్ని తగ్గించారు. అయినా పగులున్న పన్నుకు, పెద్ద సిమెంటు పెట్టిన పన్నుకు ఈ బిళ్ళ వేసే ముందు డాక్టరుగారు ఆలోచించాలి. అటువంటి పళ్ళుంటే మీరే ముందుగా చెప్పండి.

నికెల్ నగలు పడక దురద వచ్చేవారు ఆ మాట కూడా చెప్పాలి. బిళ్ళలో నికెల్ లేకపోయినా తీగలో సాధారణంగా ఉంటుంది.

బిళ్ళ విరిగి చిన్న ముక్క కడుపులోకి పోతే కంగారుపడకండి, సాధారణంగా విరేచనంలో పోతుంది. డాక్టరుగారికి మాత్రం చెప్పండి. దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.