ఇంజను ఆయిలు చిక్కదనం – వేలి పరీక్ష చాలదు

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాల రిజిస్టర్లతో పాటు జనరేటరు గదిని కూడా చూడటం మాకు అలవాటు. కరెంటు పోయిన రాత్రి కూలరులోని పాలను కాపాడేది ఆ ఇంజనే గదా! ఒక సంఘంలో కార్యదర్శిగారు, "మా ఇంజను ఆయిలు తాగదండీ. మూడు నెలలైనా గేజి పుల్ల మీద మట్టం తగ్గలేదు, పైగా కాస్త పెరిగింది కూడా" అని సంతోషంగా చెప్పారు. మేమూ సంతోషించి పుస్తకంలో సంతకం చేసి వచ్చాము. అది మా పొరపాటు. నెల తిరక్కుండానే ఇంజను పట్టేసింది. ఆ రాత్రి కూలరులోని పాలన్నీ పులిసిపోయాయి. విప్పి చూస్తే నాజిల్ కారి డీజిలు ఆయిలులో కలిసింది, బేరింగులు అరిగిపోయాయి.

కొలత పెరిగితే పాలవాళ్ళకు మొదట రావలసిన అనుమానం మాకు రాలేదు.

ఆయిలును రెండు వేళ్ళ మధ్య రాసి "ఇంకా జిగటగానే ఉంది" అనడం చాలాచోట్ల చూస్తున్నాము. ప్రయోగశాలలో ఈ జిగటనే స్నిగ్ధత అంటారు. యు ఆకారపు సన్నని గాజు గొట్టంలో ఆయిలు పోసి, గొట్టాన్ని సరిగ్గా 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల తొట్టిలో ఉంచి, ఒక గీత నుంచి మరొక గీతకు ఆయిలు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. దానిని ఆ గొట్టానికి నిర్ణయించిన అంకెతో గుణిస్తే సెంటిస్టోకులు వస్తాయి. 100 డిగ్రీల వద్ద మళ్ళీ కొలుస్తారు. 20 డిగ్రీల వద్ద నీటి స్నిగ్ధత సుమారు 1, పాలది సుమారు 2. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉన్న ఆయిలు 40 డిగ్రీల వద్ద సాధారణంగా వందకు పైగా ఉంటుంది. 100 డిగ్రీల వద్ద అదే ఆయిలు 12.5కు తగ్గకుండా, 16.3కు లోపుగా ఉండవలెను. డబ్బా మీది 40 అనే అంకెకు అర్థం ఇదే. 15డబ్ల్యూ అనేది గడ్డకట్టే చలిలో స్టార్టు కావడానికి సంబంధించినది. మన ఊళ్ళలో దానితో అంత పని లేదు.

చల్లని ఆయిలును వేలితో తాకితే వేడి ఇంజనులో దాని సంగతి తెలియదని ఈ అంకెలే చెబుతున్నాయి. డీజిలు స్నిగ్ధత 40 డిగ్రీల వద్ద 2 నుంచి 4.5 మాత్రమే. అది కలిస్తే 100 డిగ్రీల వద్ద 14 ఉండవలసినది 10కి దిగవచ్చును. అప్పుడు బేరింగు మధ్య ఆయిలు పొర నిలవదు.

"ఖరీదైన సింథటిక్ ఆయిలు పోస్తే ఈ బాధ ఉండదు గదా?" అని కొందరు అడుగుతున్నారు. ముడి చమురును శుద్ధిచేసిన ఆయిలులో చిన్నా పెద్దా అణువులు కలగాపులగంగా ఉంటాయి. ఇథిలీను వాయువు నుంచి కూర్చిన సింథటిక్ ఆయిలులో అవి దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. అందుచేత వేడికి తక్కువగా పలచబడుతుంది, త్వరగా మడ్డి కట్టదు. మంచి సరుకే. కాని నాజిల్ కారితే అదీ పలచబడవలసిందే. ఇంజను తయారీదారు చెప్పిన గ్రేడు సకాలంలో మార్చే సంఘానికి అది తప్పనిసరి అని మేము అనుకోము.

వాడిన ఆయిలు పరీక్షలో ఒక చిక్కు ఉన్నది. మసి పెరిగితే ఆయిలు చిక్కబడుతుంది, డీజిలు కలిస్తే పలచబడుతుంది. రెండూ జరిగితే స్నిగ్ధత సరిగ్గానే కనిపిస్తుంది! మీగడ తీసి నీళ్ళు కలిపిన పాలు లాక్టోమీటరుకు చిక్కనట్లే. పాలకు వెన్న పరీక్ష ఎలాగో, ఇక్కడ ఆయిలు ఆవిరి ఎంత వేడికి అంటుకుంటుందో చూసే పరీక్ష అలాగ. డీజిలు కలిసినది త్వరగా అంటుకుంటుంది. లోహాలను కూడా చూస్తారు. సీసం, రాగి పెరిగితే బేరింగులు అరుగుతున్నాయని, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టరు దాటి దుమ్ము పోతున్నదని అనుమానించవలెను. 1940లలో అమెరికాలో రైలు ఇంజన్లకు ఈ లోహ పరీక్ష మొదలైంది. నల్లబడినంత మాత్రాన ఆయిలు చెడినట్లు కాదు. మసిని కూడదీసి పట్టుకోవడం దాని పనే.

నమూనా తీసేటప్పుడు ప్లంజరుతో కలపకుండా పాల నమూనా తీయము గదా. అలాగే ఇంజనును కాసేపు నడిపి, వేడిగా ఉండగా, మొదటి ధారను వదిలి, మధ్య ధారను పొడి సీసాలో పట్టండి. సీసా మీద ఆయిలు పేరు, గ్రేడు, మార్చిన తరువాత నడిచిన గంటలు రాయండి. అదే ఆయిలు కొత్తది కొద్దిగా వేరే సీసాలో జతచేయండి. పోల్చి చూడడానికి అది లేక కొన్ని సంఘాల నమూనాలు వృథా అయ్యాయి.