జహీరాబాద్ దారిలో మందుపాతరలు

1948 సెప్టెంబరు 16 తెల్లవారుజామున, షోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్ మీదికి వస్తున్న భారత సైన్యంలో ఒక దళం జహీరాబాద్ దారి పట్టింది. లెఫ్టినెంట్ కల్నల్ రామ్‌సింగ్ నడుపుతున్న ఆ దళానికి ముందుగా అడ్డుపడినవి మందుపాతరలు. వాటిని ఏరేసేదాకా ముందడుగు పడలేదు. బీదర్ రోడ్డు కలిసే కూడలి దగ్గర మాటువేసినవాళ్లు కాల్పులు జరిపితే, వాళ్ల సంగతి చూడమని కొందరిని వదిలి, మిగిలిన దళం చీకటిపడేసరికి జహీరాబాద్ దాటి 15 కిలోమీటర్లు వెళ్లిపోయింది. మర్నాడే నిజాం లొంగిపోయాడు. ‘పోలీసు చర్య’ అని పేరుపడిన ఆ దండయాత్ర గురించి పేజీలకు పేజీలు రాసిన పుస్తకాలు ఆ పాతరలకు ఇచ్చింది ఒక్క వాక్యం.

ఆ వాక్యంలోని ‘తొలగించారు’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. యుద్ధంలో ఉన్న సైన్యానికి బండ్లు పోయేంత దారి దొరికితే పని అయిపోయినట్టే. చెరకు, అల్లం, ఆలుగడ్డ వేసుకునే రైతుకు అది చాలదు. నాగలి దిగినంత లోతున ప్రతి గజమూ శుభ్రపడాలి. మొదటిది గంటల పని, రెండోది ఏళ్ల పని. యుద్ధం ముగిసిందని ప్రకటించేవాళ్లు మొదటిది చేసి వెళ్తారు, రెండోదాని భారం నేలను నమ్ముకున్నవాళ్ల మీద పడుతుంది. ఏడు దశాబ్దాలు దాటాక జహీరాబాద్ రైతు భయపడాలని కాదు ఈ మాట. దగ్గరి కాలపు ఉదాహరణే ఉంది: 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక మన సైన్యం పంజాబ్, రాజస్థాన్, జమ్మూ సరిహద్దు పొలాల్లో పాతరలు పరిచింది. పటాలు గీశారు, కంచెలు వేశారు, తర్వాత తీశారు కూడా. కానీ ఇసుక కదులుతుంది, వాన నీరు మట్టిని కోస్తుంది. పాతర పటంలో గీసిన చోటే ఉండిపోదు. పొడవైన సరిహద్దులున్న దేశానికి పాతరలు తప్పవన్నది మనుషుల మీద వాడే మందుపాతరలను నిషేధించిన 1997 ఒట్టావా ఒప్పందంలో చేరకపోవడానికి మన ప్రభుత్వం చెప్పే కారణం. అది కొట్టిపారేయదగ్గ వాదనేమీ కాదు. అయితే రక్షణ దేశమంతటిదీ, కాలు పోయేది మాత్రం ఒక ఊరి రైతుదీ అయినప్పుడు, లెక్క సరిపోయిందనలేం.

పాతబడిన బాంబు తుస్సుమంటుందిలే అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బాంబుల్లో నింపే పేలుడు పదార్థం టీఎన్‌టీ పొడిచోట దశాబ్దాలు చెక్కుచెదరదు. పాడయ్యేది దాన్ని పేల్చే ఫ్యూజు. అదే మరింత ప్రమాదం. కొన్ని పాత ఫిరంగి గుళ్లలో నింపిన పిక్రిక్ ఆమ్లం లోహంతో కలిసి, చిన్న రాపిడికే పేలే లవణాలుగా మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద వేసిన కొన్ని బాంబుల్లో సెల్యులాయిడ్ బిళ్లను అసిటోన్ మెల్లగా కరిగిస్తే పేలే ఏర్పాటు ఉండేది. ఆ బిళ్లలు ఇప్పుడు పెళుసెక్కి ఎవరూ ముట్టుకోకుండానే విరుగుతున్నాయి. 2017 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1.8 టన్నుల బ్రిటిష్ బాంబు ఒకటి బయటపడితే, దాన్ని నిర్వీర్యం చేసేందుకు సుమారు 60,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది.

యుద్ధం చూడని ఊరికి ఈ గొడవెందుకు అంటే, గుళ్లు ఇనుము ధరను బట్టి కూడా ప్రయాణిస్తాయి. 2004 సెప్టెంబరు 30న ఢిల్లీ పక్కన గాజియాబాద్‌లోని ఒక ఉక్కు కర్మాగారంలో, విదేశాల నుంచి వచ్చిన తుక్కులో ఉన్న గుళ్లు పేలి పదిమంది కార్మికులు చనిపోయారు. ఆ గుళ్లు ఏ యుద్ధానివో, అది వాళ్లది కాదు, ఆ దేశమూ వాళ్లది కాదు. తర్వాత దిగుమతి నిబంధనలు బిగించారు: తుక్కు ముక్కలుగా తరిగి రావాలన్నారు, లేదంటే పేలుడు వస్తువులు లేవన్న తనిఖీ పత్రం ఉండాలన్నారు. మంచిదే. కానీ ఈ పత్రం అడిగేది ఓడరేవులో. కాల్పుల సాధన మైదానాల చుట్టుపక్కల గుళ్ల ఇత్తడి కోసం ఏరుకొచ్చే కుర్రాడిని, తూకం వేసి డబ్బులిచ్చే పాత ఇనుప సామాన్ల కొట్టువాడు ఏ పత్రమూ అడగడు.